క్యారవాన్‌లో నీళ్ళ లీకేజీ: పట్టుకుని, బాగుచేసుకున్న నా అనుభవం

క్యారవాన్‌లో నీళ్ళు కారుతున్నాయని అనుమానం రాగానే చాలామంది ముందు సందులు పూడ్చే సీలెంట్ ట్యూబు కొనేస్తారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. నేను రాస్తున్నది ఎక్కువగా ఆ పని గురించే. నీళ్ళు ఎక్కడ లోపలికి దిగుతున్నాయో తేలేదాకా కప్పు మీద ఒక్క గీత కూడా సీలెంట్ పూయకూడదు. పూస్తే అసలు దారి మూసుకుపోదు, పైగా దాన్ని వెతికే ఆధారాలన్నీ చెరిగిపోతాయి.

మాది టెంపో ట్రావెలర్ మీద కట్టిన క్యారవాన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. లోపల నలుగురు పడుకునే ఏర్పాటు, చిన్న వంటగట్టు, వెనక టాయిలెట్, కప్పు మీద ఏసీ, రెండు సోలార్ ప్యానెళ్ళు, పక్కన నీడ కోసం బయటికి లాగే ఆనింగ్ (పందిరి గుడ్డ) ఉన్నాయి. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా వీధి పిల్లలు దాన్ని ఇప్పటికీ ‘షూటింగ్ బండి’ అంటారు. మేం కొన్నది అమ్మ కోసం. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె కింద కూర్చోలేదు. దారిలో బాత్రూమ్ ఎలా ఉంటుందో అన్న భయంతో ప్రయాణాలే మానేసింది. ఈ బండి వచ్చాక భద్రాచలం వెళ్ళొచ్చింది, కాళేశ్వరం వెళ్ళొచ్చింది, రామప్ప గుడి ముందు గంటసేపు కూర్చుంది. అలాంటిది ఆమె పడుకునే బెర్త్ పైన కబోర్డు మూల నల్లబడి బూజు కనిపించేసరికి నాకు గట్టిగా భయమేసింది. అమ్మకు ఆయాసం ఉంది. బూజు వాసన వచ్చే చోట ఆమెను పడుకోబెట్టలేను.

బూజు కంటికి కనిపించేది ఆఖర్న. అంతకు ముందే బండి నాలుగైదు సూచనలు ఇస్తుంది. జూన్‌లో తొలి వానలు పడ్డాక తలుపు తీయగానే ఒక ముక్కిన వాసన వచ్చేది. కిటికీలు కాసేపు తెరిస్తే పోయేది, మర్నాటికి మళ్ళీ వచ్చేది. వెనక కబోర్డు తలుపు ఫ్రేముకు రాసుకోవడం మొదలైంది, అంటే ప్లైవుడ్ ఉబ్బింది. వాన రాత్రుల్లో ఇంటి కరెంటుకు ప్లగ్ పెడితే, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ట్రిప్ అయ్యేది, పొడి రోజుల్లో అయ్యేది కాదు. ఈ చివరిదాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. తడి ఎక్కడో 230 వోల్టుల వైరింగ్ దాకా చేరిందని అది చెబుతోంది. ఆ రోజు నుంచి పని పూర్తయ్యేదాకా బండికి బయటి కరెంటు ఇవ్వలేదు, ఇన్వర్టర్ కూడా ఆపేశాం.

మా బావమరిది ఇంకోటి గమనించాడు. బండిలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నవాడు పిలిచాడు.

“బావా, కుళాయిలన్నీ కట్టే ఉన్నాయి. అయినా పంపు ఉండుండి కొట్టుకుంటోంది.”

అక్కడితో సమస్య ఒకటి కాదని అర్థమైంది. పైనుంచి వాన నీళ్ళు ఒకవైపు, లోపలి పైపుల నీళ్ళు ఇంకోవైపు. వీటికి తోడు మూడోది కూడా ఉండొచ్చు, అది ఆవిరి చెమ్మ. మూసిన బండిలో నలుగురు పడుకుని, అందులోనే టీ కాచుకుంటే, డిసెంబర్, జనవరి చలి రాత్రుల్లో రేకు గోడ మీద నీళ్ళు పేరుకుంటాయి. అది లీకేజీ కాదు, దానికి మందు గాలి ఆడటమే. ఈ మూడింటినీ విడదీయకుండా పని మొదలుపెడితే ఎంత కష్టపడ్డా లెక్క తేలదు.

విడదీయడం కోసం మేం చేసినవి తేలికైన పనులే. వాన లేని రోజులు చూసి ట్యాంకు ఖాళీ చేసి, పంపు స్విచ్ కట్టేసి బండిని వదిలేశాం. కొత్త తడి రాలేదు. తర్వాత ట్యాంకు నింపి పంపు వేసి ఉంచాం. సింకు కింద నేల చెమర్చింది కానీ అమ్మ బెర్త్ వైపు పొడిగానే ఉంది. ఆ గోడ మీద జానెడు ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రాత్రి ఉంచితే, గది వైపు ఉన్న పై ముఖం పొడిగా ఉండి, గోడ వైపు ముఖం తడిసింది. గదిలోని ఆవిరి అయితే పై ముఖం మీద చుక్కలు కట్టాలి. తడి గోడ లోపలి నుంచే వస్తోందని ఖాయమైంది.

మరకలు కూడా సాక్ష్యం చెబుతాయి. మన దగ్గర బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. పైపు కొద్దికొద్దిగా కారి ఆరిపోయే చోట తెల్లటి పొరలా గట్టి ఉప్పు మిగులుతుంది. వాన నీళ్ళలో ఆ ఉప్పు ఉండదు. అవి ప్లైవుడ్ లోంచి దిగేటప్పుడు చెక్కలోని రంగును లాక్కొచ్చి గోధుమరంగు మరకలు వదులుతాయి. టార్చి పట్టుకుని కబోర్డుల వెనకాల చూస్తే సింకు కింద తెల్ల మరకలు, అమ్మ బెర్త్ పైన గోధుమ మరకలు. రెండు నీళ్ళూ వేరని అవే చూపించాయి.

పైపుల పని ముందు ముగిద్దామనుకున్నాం, అది చిన్నది కాబట్టి. క్యారవాన్‌లో 12 వోల్టుల పంపుకు ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గి పంపు తిరుగుతుంది, కుళాయి కడితే ఒత్తిడి నిండి ఆగిపోతుంది. ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు కొట్టుకుంటే సాధారణంగా రెండు కారణాలు. ఒత్తిడి నిండిన పైపు ఎక్కడో కారుతోంది, లేదా పంపు లోపలి నాన్-రిటర్న్ వాల్వు పట్టడం లేదు కాబట్టి నీళ్ళు వెనక్కి ట్యాంకులోకి జారుతున్నాయి. పంపు దాటగానే ఉన్న వాల్వు కట్టేసి చూశాం. పంపు నిశ్శబ్దమైంది. అంటే పంపు బాగుంది, లీకేజీ వాల్వు తర్వాతే ఉంది.

తర్వాత టిష్యూ పేపరు. ప్రతి జాయింటునూ పొడిగా తుడిచి, చుట్టూ టిష్యూ చుట్టి, ప్రెషర్ పెట్టి వదిలేయడం. చేతికి తెలియని తడి కూడా టిష్యూ మీద తెలిసిపోతుంది. గీజర్ వెనక ఎల్బో (పైపు మలుపు జాయింటు) దగ్గర టిష్యూ తడిసింది. ఈ బండి కట్టినవాళ్ళు ఇంట్లో వేసినట్టే గట్టి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు అంటించి వేశారు. ఇంటి గోడలో కదలిక ఉండదు కాబట్టి అది ఏళ్ళ తరబడి ఉంటుంది. గుంతల రోడ్డు మీద రోజంతా అదిరే బండిలో ఆ అదురంతా జాయింటు మెడ మీదే పడుతుంది. ఎల్బో దగ్గర వెంట్రుకవాసి పగులు వచ్చింది. గీజర్‌కు వెళ్ళే రెండు చివర్లలోనూ ఆ పైపు కోసేసి వేడి నీళ్ళకు పనికొచ్చే, వంగే అల్లిక హోస్ వేశాం, పొడుగు పైపును రబ్బరు క్లాంపులతో గోడకు బిగించాం. ఒక మాట ప్లంబర్లకు కూడా చెప్పాల్సి వచ్చింది: లోపల రబ్బరు వాషర్ ఉన్న నట్టుకు టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు. అక్కడ నీటిని ఆపేది వాషరే. టేపు వల్ల నట్టు పూర్తిగా కూర్చోదు. టేపు వాషర్ లేని మర జాయింట్లకే.

ఇక వాన నీళ్ళు. అసలు కష్టం ఇక్కడే.

ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే, కప్పంతా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసేద్దాం, ఇక చూసుకోనక్కర్లేదన్నారు. నాకు మనసొప్పలేదు. స్క్రూ వదులై రంధ్రం తెరుచుకుని ఉన్నచోట పైన పెయింటు లాంటి పొర వేస్తే ఆ స్క్రూ కదిలినప్పుడల్లా పొర చిరుగుతుంది. అప్పుడు నీళ్ళు పొర కిందికి చేరి మరింత దూరం పాకుతాయి. కోటింగ్ చెడ్డదని కాదు, రంధ్రాలన్నీ సరిచేశాక చివర్లో వేసుకోవచ్చు. దాన్ని మొదటి పనిగా చేయడమే తప్పు.

అదే రోడ్డులో బస్సు బాడీలు కట్టే ఒక పెద్దాయన ఉన్నారు, అందరూ మాస్టర్ అంటారు. ఆయన లోపలి మరక కాసేపు చూసి, బయటికొచ్చి నిచ్చెనెక్కి కప్పంతా తిరిగి దిగారు.

“నీళ్ళు ఏడ కారుతున్నయో ఆడనే చూస్తే లాభం లేదు సార్. ఏడికెళ్ళి వస్తున్నయో చూడాలె. రేకు మీద పడ్డ నీళ్ళు వైరు పట్టుకోని పోతయ్, రిబ్బు పట్టుకోని పోతయ్. ముందల దిగి ఎన్కకు కారుతయ్.”

“మరి ఎట్ల పట్టుకోవాలె మాస్టర్?”

“పైపుతోని నీళ్ళు పట్టుండ్రి. కిందికెళ్ళి మొదలువెట్టుండ్రి. పైకెళ్ళి పడితే అన్నీ ఒక్కసారే తడుస్తయ్, ఏదని చెప్తరు?”

ఈ ఒక్క సలహా నాకు మొత్తం పనిని చేసిపెట్టింది. నీళ్ళు కిందికే పారతాయి కాబట్టి కింది కిటికీ దగ్గర మొదలుపెట్టి ఒక్కో వరస పైకి వెళ్తే, లోపల తడి ఎప్పుడు కనిపించిందో ఆ వరసలోనే తప్పు ఉంటుంది. అంతకు ముందు తడిపినవన్నీ నిర్దోషులే.

పరీక్షకు ముందు అమ్మ బెర్త్ వైపు లోపలి ప్యానెళ్ళు విప్పేశాం. కప్పు రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య వేడి ఆపడానికి పెట్టిన గ్లాస్ ఊల్ తడిసిన బొంతలా బరువుగా చేతిలోకి వచ్చింది, పిండితే నీళ్ళు కారాయి. అది ఎంతకాలంగా అలా ఉందో! బయట వాన ఆగి వారమైనా గోడ ఎందుకు ఆరడం లేదో అప్పుడు తెలిసింది. పిన్నుల మాయిశ్చర్ మీటర్ పెట్టి చూస్తే పొడిగా ఉన్నచోట ప్లైవుడ్ 11, 12 శాతం చూపింది, ఆ మూలలో 30 దాటింది. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే కుళ్ళు పడుతుంది. ఈ మీటర్ పెద్ద ఖరీదు కాదు. క్యారవాన్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్ళు, తప్పకుండా ఒకటి కొనుక్కోండి. పెయింటు వేసి దాచిన తడిని కూడా అది పట్టిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే బండిని చదునుగా నిలబెట్టి పైపు తీసుకున్నాం. ప్రెషర్ వాషర్ వాడకూడదు. ఆ వేగానికి సందులు మూసే మంచి రబ్బరు గాస్కెట్ల లోంచి కూడా నీళ్ళు దూరతాయి, లేని లీకేజీ ఉన్నట్టు కనిపిస్తుంది. మామూలు తోట పైపు, వాన పడ్డట్టు సన్నగా చాలు. నేను బయట, బావమరిది లోపల టార్చితో. ఒక్కో చోట పావుగంట తగ్గకుండా పట్టాలి, ఎందుకంటే నీళ్ళు లోపలి దారి నడిచి కనిపించే చోటికి రావడానికి టైమ్ పడుతుంది. ఓపిక అంతా ఈ పావుగంటల్లోనే కావాలి.

మొదట కిటికీ. పైపు పెట్టిన కాసేపటికే లోపల ఫ్రేము అంచు దాటి నీళ్ళు పొంగాయి. జరిపే కిటికీలకు కింది ట్రాక్‌లో బయటి వైపు చిన్న చిన్న చీలికలు ఉంటాయి, ట్రాక్‌లో పడ్డ వాన బయటికి పోవడానికి. పాత యజమాని ఎప్పుడో కిటికీ కారుతోందని చుట్టూ సిలికాన్ పూయించినట్టున్నాడు, ఆ చీలికలు కూడా మూసుకుపోయాయి. బయటికి దారి లేక ట్రాక్ నిండి నీళ్ళు లోపలికి పొర్లుతున్నాయి. సన్నటి తీగతో వాటిని తెరిచాక ట్రాక్‌లో మగ్గుడు నీళ్ళు పోస్తే అన్నీ బయటికే పోయాయి. మీ బండి కిటికీకి ఈ మగ్గు పరీక్ష ఇవాళే చేసి చూడవచ్చు.

కిటికీ సరిచేశాక మళ్ళీ మొదలుపెట్టాం. ఆనింగ్ బ్రాకెట్ దగ్గర ఏమీ రాలేదు. వాన గట్టర్ కీలు దగ్గర ఏమీ రాలేదు. వెనక పైన ఉండే మూడో స్టాప్ ల్యాంపు దగ్గర రెండు చుక్కలు వచ్చాయి కానీ అవి టాయిలెట్ వైపు. కప్పు మీదికి వెళ్ళి ఏసీ చుట్టూ పట్టాం. మా ఏసీ 14 అంగుళాల చదరపు రంధ్రంలో గాస్కెట్ మీద కూర్చుని, లోపలి నుంచి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. దాని కింద పొడిగానే ఉంది. ఏసీలో చేరే నీళ్ళు కూడా కప్పు మీదికే పోతాయి కాబట్టి ఆ గాస్కెట్ నలిగిపోతే వాన లేని వేసవిలో కూడా లోపల కారుతుంది. అందుకే దాన్ని ప్రత్యేకంగా చూశాం.

చివరికి ముందు వైపు ఎడమ మూలన ఉన్న సోలార్ ప్యానెల్ బ్రాకెట్. నీళ్ళు పట్టి చాలాసేపయ్యాక లోపలి నుంచి కేక వినిపించింది.

“బావా! వచ్చినయ్! కానీ ఇక్కడ కాదు, వెనక, అత్తయ్య బెర్త్ మీద!”

నీళ్ళు దిగింది ముందు ఎడమన, కారింది వెనక కుడిన. మధ్యలో సోలార్ వైరు వేసిన ప్లాస్టిక్ గొట్టం ఉంది. వైరు కప్పులోంచి దిగే చోట, వైరు చుట్టూ రంధ్రాన్ని మూసే గ్లాండ్ రబ్బరు ఎండకు పగిలింది. ఆ పగులు నుంచి దిగిన నీళ్ళు గొట్టంలో పడి, బండి వెడల్పూ పొడవూ ప్రయాణించి, గొట్టం ముగిసి వైరు బయటికొచ్చే సోలార్ ఛార్జింగ్ కంట్రోలర్ దగ్గర బయటపడుతున్నాయి. ఆ కంట్రోలర్ ఉన్నది అమ్మ బెర్త్ పైన కబోర్డులోనే. ఆ పక్కనే ప్లగ్ పాయింట్ల జంక్షన్ బాక్సు, ఆర్‌సీసీబీ ట్రిప్ ఎందుకవుతోందో దానితో తెలిసింది. అక్కడి కనెక్టర్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

బ్రాకెట్ స్క్రూలు కూడా బాగాలేవని తేల్చడానికి మాస్టర్ చెప్పిన ఇంకో పరీక్ష చేశాం. బండిని లోపలి నుంచి గాలితో కొద్దిగా నింపి, బయట సబ్బు నీళ్ళు చల్లడం. కిటికీలు, తలుపులు మూసి, ఎగ్జాస్ట్ రంధ్రాలు, ఏసీ గ్రిల్లు టేపుతో కప్పి, సింకు, షవర్ కింద వంపు గొట్టాల్లో (ట్రాప్‌లలో) నీళ్ళు పోసి (లేకపోతే గాలి డ్రెయిన్ లోంచి పోతుంది), కప్పు వెంట్‌లో అట్ట అమర్చి దానిలోంచి వర్క్‌షాపు బ్లోయర్ పెట్టాం. ఒత్తిడి ఎక్కువ అక్కర్లేదు, తలుపు రబ్బరు సందుల్లోంచి గాలి తన్నడం చేతికి తెలిస్తే చాలు. కప్పు మీద సబ్బు నీళ్ళు చల్లుతుంటే గ్లాండ్ దగ్గర నురగ పొంగింది. ఒక బ్రాకెట్ నాలుగు స్క్రూలలో మూడింటి కింద సన్నటి బుడగలు వరసగా లేచాయి. మూడో స్టాప్ ల్యాంపు అంచున కూడా. పైపు పరీక్షలో గంటలు పట్టేది ఇందులో నిమిషాల్లో కనిపిస్తుంది. కాకపోతే బుడగ రంధ్రం ఉన్న చోటు చూపిస్తుంది, నీళ్ళు లోపల ఎటు పోతాయో చూపించదు. రెండూ చేయడమే మంచిది.

ఆ స్క్రూలు ఎందుకు వదులయ్యాయంటే, బ్రాకెట్లు అల్యూమినియం, కప్పు ఉక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మన మే నెల ఎండలో రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది, రాత్రికి చల్లబడుతుంది. రోజూ ఈ సాగడం, ముడుచుకోవడం మధ్య గట్టిపడ్డ సీలెంట్ నలిగి అంచు విడిచేస్తుంది. అందుకే సాగే గుణం లేని ఎపాక్సీ పుట్టీ లాంటివి కప్పు మీద పనికిరావు. ఇంటి ట్యాంకుకు బాగా పనిచేసేదే ఇక్కడ ఒక్క వేసవిలో చీలిపోతుంది.

సామాను కోసం రాణిగంజ్ వెళ్ళాను. బ్యూటైల్ టేప్ అని అడిగితే చాలా షాపుల్లో పైన అల్యూమినియం రేకు ఉన్న వాటర్‌ప్రూఫ్ టేపు చేతిలో పెట్టారు. అది పైనుంచి అతికించేది. మనకు కావాల్సింది రెండు వైపులా అంటుకునే మెత్తటి నల్ల బ్యూటైల్, బ్రాకెట్‌కూ కప్పుకూ మధ్య పరిచేది. ఆ తేడా వివరించాక ఒక చోట దొరికింది. సీలెంట్ కోసం సిలికాన్ వద్దని, పీయూ తీసుకున్నాను, అంటే పాలీయురేథేన్. కార్ల ముందు అద్దాలు అతికించేది కూడా ఈ జాతిదే. అది సాగుతుంది, పెయింటు పడుతుంది. సిలికాన్‌తో పెద్ద చిక్కేమిటంటే అది ఒకసారి పూశాక ఆ చోట ఇంకేదీ అతుక్కోదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే దానిలోంచి వచ్చే ఆమ్లం రేకును తినేస్తుంది కూడా.

పాత సిలికాన్ తీయడమే అన్నిటికంటే ఎక్కువ శ్రమ. ఇనుప బ్లేడుతో గీకితే పెయింటు లేచి తుప్పుకు దారి అవుతుంది కాబట్టి ప్లాస్టిక్ స్క్రాపర్‌తో గీకి, సిలికాన్ రిమూవర్ రాసి, మళ్ళీ గీకి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. వేలితో రుద్దితే జారుడు లేకుండా బరబరలాడాలి, అప్పుడే శుభ్రమైనట్టు. బ్రాకెట్ కింద రేకు అప్పటికే తుప్పు పట్టి ఉంది. తెల్లగా లోహం కనిపించేదాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ వేసి ఆరనిచ్చాం. కింద బ్యూటైల్ పరిచి, పాత రంధ్రాల్లో పట్టు పోయిన స్క్రూల బదులు లోపల నుంచి వాషర్, నట్టు వేసిన స్టెయిన్‌లెస్ బోల్టులు పెట్టాం. బోల్టు బిగిస్తే బ్యూటైల్ అన్ని వైపులా కొద్దిగా బయటికి పిండుకు రావాలి. ఒకేసారి గట్టిగా బిగించకూడదు, బ్యూటైల్ మెల్లగా పరుచుకుంటుంది కాబట్టి మర్నాడు ఇంకో చుట్టు బిగించాలి. బయటికి వచ్చింది కోసేసి అంచు చుట్టూ, బోల్టు తలల మీదా పీయూ పూశాం. వైరుకు కొత్త గ్లాండ్ వేసి, వైరు గ్లాండ్‌లోకి దూరే ముందు కిందికి వంగేలా ఒక లూపు వదిలాం, వైరు వెంట వచ్చే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవడానికి. కట్టినవాళ్ళు మొదటే ఆ లూపు వదిలి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

పీయూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. రోజుకు సుమారు 3 మిల్లీమీటర్ల మందం లోపలికి ఆరుతుంది. వానాకాలం తేమ దానికి మంచిదే, పూసేటప్పుడు మాత్రం రేకు పూర్తిగా పొడిగా ఉండాలి. మధ్యాహ్నం కాలే రేకు మీద పూస్తే బుడగలు వస్తాయి. వాన తెరిపి ఇచ్చిన రోజు సాయంత్రం పూసి, కప్పుకు తగలకుండా ఎత్తుగా టార్పాలిన్ కట్టాం.

లోపల ఆరబెట్టడానికి తొందరపడలేదు. తడి గ్లాస్ ఊల్ అంతా పారేశాం, అది ఆరినా మునుపటిలా వేడి ఆపదు. కుళ్ళిన ప్లైవుడ్ గట్టిగా ఉన్నచోటు దాకా కోసేసి, పక్కనే తాడుతో కట్టిన టేబుల్ ఫ్యాన్ పగలంతా ఆ గోడ మీదికి తిప్పి ఉంచాం, ఇంటి నుంచి వేరే వైరు లాగి. మీటర్ అంతటా 14 కంటే తక్కువ చూపేదాకా మూయలేదు. ఇక్కడ చాలామంది ఆగలేరు. పైకి పొడిగా ఉంది కదా అని ప్యానెల్ వేసేస్తే లోపలి తడి మళ్ళీ బూజు పట్టిస్తుంది. కొత్తది నీళ్ళను తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై వేశాం, కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ రాసి. ఎంత మంచి ప్లైకైనా నీళ్ళు దూరేది కోసిన అంచు నుంచే. గ్లాస్ ఊల్ బదులు నీళ్ళు పీల్చని నైట్రైల్ రబ్బరు ఫోమ్ వేశాం. చిలుము పట్టిన కనెక్టర్లు కత్తిరించి కొత్తవి వేసి, జంక్షన్ బాక్సును గొట్టం చివర నుంచి దూరంగా జరిపించాం. ఈ కరెంటు పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాం.

బూజు ఉన్న కబోర్డును బయట ఎండలో పెట్టి, మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడిచాం. పొడిగా బ్రష్ చేస్తే ఆ పొడి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అమ్మను అప్పుడు బండి దగ్గరికి రానివ్వలేదు. కోపం వచ్చింది కానీ రానివ్వలేదు.

నిలబెట్టి నీళ్ళు పట్టే పరీక్ష మళ్ళీ చేశాం, అంతా పొడి. అయినా నడుస్తున్న బండి వేరు. ఎదురుగాలికి నీళ్ళు పైకి కూడా ఎక్కుతాయి, గుంతల్లో బాడీ మెలితిరుగుతుంది, నిలబడ్డప్పుడు మూసుకుని ఉండే సందు అప్పుడు తెరుచుకుంటుంది. ఒక సాయంత్రం గట్టి వాన చూసి శామీర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి మేడ్చల్ వైపు వెళ్ళి, వచ్చేటప్పుడు కావాలనే లోపలి రోడ్ల మీదుగా వచ్చాం. వెనక బావమరిది ప్యానెల్ తీసిన గోడ మీద టిష్యూలు అంటించుకుని కూర్చున్నాడు. కప్పు టిష్యూలన్నీ పొడిగా ఉన్నాయి. స్టాప్ ల్యాంపు దగ్గరిది ఒక్కటి అంచున తడిసింది.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు కప్పెక్కుతాను. మే చివర, వానలకు ముందు ఒకసారి. దసరా దాటాక ఇంకోసారి. వానాకాలం సెప్టెంబర్‌తో అయిపోయిందని వదిలేయను, 2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో పడ్డ వాన చూశాక ఎవరూ వదలరు. ప్రతి సీలెంట్ అంచునూ గోరుతో నొక్కి చూస్తాను, లేస్తే అక్కడి వరకే కోసి మళ్ళీ పూస్తాను. ఎక్కినప్పుడల్లా ఫోన్‌తో ఒకే కోణంలో ఫోటోలు తీసి పెట్టుకుంటాను, పాత ఫోటోతో పక్కపక్కన చూస్తే కొత్త పగులు తెలిసిపోతుంది. లోపలి ప్యానెళ్ళు ఈసారి మేకులతో కాకుండా స్క్రూలతో బిగించాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి మీటర్ పెట్టొచ్చు. అమ్మ వేములవాడ వెళ్దామంటోంది. బయల్దేరే ముందు ఆ స్టాప్ ల్యాంపు గాస్కెట్ మార్చాలి. ఆ సైజు రెడీమేడ్‌గా దొరకలేదు, అందుకే రబ్బరు షీటు కొలత ఇచ్చి రాణిగంజ్‌లో కోయించమని చెప్పాను.